యూజర్లు మళ్ళీ మళ్ళీ అవే తప్పులు చేస్తుంటే ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీ సంస్థ లోపల వాడుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. సరుకు లెక్కలు, బిల్లులు, చెల్లింపులు అన్నీ అందులోనే నడుస్తాయి. రోజంతా దాని ముందు కూర్చునే ఉద్యోగులు పదేపదే అవే తప్పులు చేస్తున్నారు: క్వాంటిటీ రాయాల్సిన చోట ధర రాయడం, ఒకరి ఖాతాలో వేయాల్సింది ఇంకొకరి ఖాతాలో వేయడం, ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కించడం. ట్రైనింగ్ ఇచ్చారు, మాన్యువల్ రాశారు, ముఖ్యమైన ప్రతి చోటా "ఖచ్చితంగా కొనసాగాలా?" అని పాప్-అప్ పెట్టారు. అయినా తగ్గలేదు. పైవాళ్ళు "హ్యూమన్ ఫ్యాక్టర్స్ చూడండి" అన్నారు, అంటే మనిషి తీరుకు తగ్గట్టు పనిముట్టును తయారుచేసే శాస్త్రం. చదవబోతే మెనూలో ఏడుకు మించి ఉండకూడదని ఒకరు, ఫలానా రంగు వాడొద్దని ఇంకొకరు, ఇలా వంద సూత్రాలు ఎదురయ్యాయి. వీటిలో ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీ ప్రశ్న.

నా సమాధానం ఒక్కటే, మిగతాదంతా దానికి వివరణ. మీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడ "ఇక్కడ మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడులే" అని మీరు అనుకున్నారో ఆ చోట్లన్నీ వెతికి పట్టుకోండి. మీ తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే దొరుకుతాయి. మనిషి జాగ్రత్త మనం అడిగినప్పుడల్లా, అడిగినంత దొరకదు. ఉదయం ఉన్నంత సాయంత్రం ఉండదు. పక్కన ఫోన్ మోగితే ఉండదు. వరసగా రెండు వందల బిల్లులు ఎక్కించాక అసలే ఉండదు.

"మా వాళ్ళు శ్రద్ధ పెట్టడం లేదు" అన్న ఫిర్యాదు కంప్యూటర్ల కంటే పాతది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 బాంబర్లు క్షేమంగా నేల మీద దిగాక, రన్‌వే మీద పరుగెడుతుండగా, పైలట్లు రెక్కల ఫ్లాప్‌లు మూయబోయి చక్రాలు లోపలికి లాగేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. ప్రతిసారీ "పైలట్ తప్పు" అని రాసేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూస్తే, ఆ రెండు కంట్రోళ్ళూ పక్కపక్కనే, దాదాపు ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారం, ఫ్లాప్‌ల మీటకు రెక్క లాంటి ఆకారం తగిలించాలన్నది ఆయన సూచన. చూడకుండానే చేతికి తేడా తెలిసిపోతుంది. ఈనాటికీ విమానాల్లో చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది. తర్వాత 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలాంటి 460 "పైలట్ తప్పుల" అనుభవాలు సేకరించి వర్గీకరిస్తే, ఒక మీటకు బదులు ఇంకో మీట పట్టుకోవడమే అన్నిటికంటే పెద్ద వర్గంగా తేలింది.

ఆ పైలట్లకు ట్రైనింగ్ తక్కువ కాదు. శ్రద్ధ పెట్టడానికి కారణమూ తక్కువ కాదు, పోయేది వాళ్ళ ప్రాణమే. అయినా తప్పు జరిగింది. జీతం కట్ చేస్తామనో, ఇంకోసారి ట్రైనింగ్ ఇస్తామనో చెప్తే మీ ఉద్యోగుల తప్పులు ఆగుతాయా అన్నదానికి జవాబు అప్పుడే వచ్చేసింది.

ట్రైనింగ్ దండగ అనడం లేదు. అది ఏ రకం తప్పుకు పనిచేస్తుందో తెలుసుకోవాలి. జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన విభజన నాకు ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. ఒక రకం తప్పులో మనిషికి ఏం చేయాలో తెలుసు, కానీ చెయ్యి ఇంకోటి చేసేస్తుంది. లేదా మధ్యలో ఒక మెట్టు మరిచిపోతుంది. రెండో రకంలో చెయ్యి అనుకున్నదే చేసింది, కానీ అనుకున్నదే తప్పు: పరిస్థితిని పొరపాటుగా అర్థం చేసుకున్నాడు, లేదా నియమం తెలియదు. ట్రైనింగ్ రెండోదాన్ని తగ్గిస్తుంది. మొదటిదాన్ని దాదాపు ఏమీ చేయలేదు. పైగా మొదటి రకం తప్పులు పని బాగా వచ్చినవాళ్ళే ఎక్కువగా చేస్తారు, ఎందుకంటే వాళ్ళకు పని అలవాటుగా సాగిపోతుంది, ప్రతి మెట్టునూ ఆలోచించరు. కాబట్టి మీ రికార్డుల్లో ముందు ఇది చూడండి: ఫలానా తప్పు కొత్తవాళ్ళు చేస్తున్నారా, సీనియర్లు చేస్తున్నారా? సీనియర్లయితే ఇంకో ట్రైనింగ్ పెట్టి వాళ్ళ మధ్యాహ్నాలు పాడుచేయకండి.

ఇక మీ పాప్-అప్‌లు. అన్నిటికంటే పొడుగ్గా దీని గురించే చెప్పాలి, ఎందుకంటే మీరు పెట్టుకున్న రక్షణ అంతా వాటి మీదే ఉంది.

2005 డిసెంబర్ 8న జపాన్‌లో మిజుహో సెక్యూరిటీస్ ఉద్యోగి ఒకరు జె-కామ్ అనే కంపెనీ షేరు ఒకటి 6,10,000 యెన్‌లకు అమ్మమని ఆర్డర్ పెట్టబోయి, 6,10,000 షేర్లు ఒక్కొక్కటి 1 యెన్‌కు అని పెట్టేశారు. మీ వాళ్ళు చేసే తప్పే ఇది, ధర స్థానంలో క్వాంటిటీ. హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. దాన్ని దాటుకుని వెళ్ళిపోయారు. రద్దు చేయబోతే టోక్యో స్టాక్ ఎక్స్‌ఛేంజ్ సిస్టమ్‌లోని లోపం వల్ల రద్దు కాలేదు. నష్టం సుమారు 4,000 కోట్ల యెన్‌లు.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచేది హెచ్చరికను దాటేయడం కాదు. రోజూ పదుల సార్లు ఒకేలా వచ్చే పెట్టె, ప్రతిసారీ "అవును" నొక్కితేనే పని ముందుకు పోయే పెట్టె, వారం తిరిగేలోపు కంటికి కనబడటం మానేస్తుంది. "డిలీట్ నొక్కు, ఎంటర్ నొక్కు" అన్న రెండు పనులు కలిసి ఒకే పనిగా చేతికి అలవాటైపోతాయి. ఇది సోమరితనం కాదు, మెదడు అలాగే పనిచేస్తుంది. అలా అలవాటు చేసుకోలేకపోతే మనకు టైపింగ్ కూడా రాదు. ఆశ్చర్యం వేరే చోట ఉంది. ఆ కంపెనీ జారీ చేసిన మొత్తం షేర్లు 15 వేలు కూడా లేవు. లేని షేర్లను అమ్మమని ఆర్డర్ వస్తే, అది అసాధ్యమని తేల్చడానికి ఒక తీసివేత లెక్క చాలు. కంప్యూటర్ తేల్చగలిగిన విషయాన్ని మనిషిని అడిగారు.

మీ పాప్-అప్‌లను ఈ లెక్కన జల్లెడ పట్టండి. కంప్యూటర్‌కే తప్పని తెలిసేదైతే అడగొద్దు, ఆపేయండి, ఎందుకు ఆపారో ఒక వాక్యంలో చెప్పండి. వెనక్కి తీసుకోగలిగిన పనైతే అప్పుడూ అడగొద్దు. చేసేయనివ్వండి, కానీ "అన్‌డూ" ఇవ్వండి. చాలామంది "మా పని వెనక్కి తీసుకునే రకం కాదు" అంటారు. నిజానికి కాస్త ఆలస్యం పెడితే చాలావరకు వెనక్కి తీసుకునేవే అవుతాయి. పంపిన ఈమెయిల్‌ను కొన్ని సెకన్ల లోపల ఆపుకునే వీలు ఇలాగే వచ్చింది: మెయిల్ వెనక్కి రాదు, అసలు ఆ సెకన్లు గడిచేదాకా బయటికే పోదు. తప్పు చేసిన విషయం మనిషికి సాధారణంగా నొక్కిన మరుక్షణమే తెలుస్తుంది, నొక్కక ముందు కాదు. పాప్-అప్ ముందు అడుగుతుంది, అన్‌డూ తర్వాత ఆదుకుంటుంది. ఎందుకు అన్‌డూయే మేలో ఇంతకంటే వివరం అక్కర్లేదు.

ఈ రెండింటికీ లొంగనివి కొన్ని మిగులుతాయి. వాటికే పాప్-అప్ ఉంచండి, అందులో జరగబోయేదాన్ని అంకెలతో సహా రాయండి. "కొనసాగాలా?" కాదు, "ఈ నెల సగటు బిల్లు కంటే 40 రెట్లు పెద్ద మొత్తం ఫలానా ఖాతాకు వెళ్తుంది" అనండి. బటన్ మీద కూడా "అవును" బదులు "ఈ మొత్తం పంపు" అని ఉండాలి.

2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందని ఫోన్లన్నిటికీ తప్పుడు హెచ్చరిక వెళ్ళింది. దాన్ని పంపిన ఉద్యోగి తప్పు బటన్ నొక్కారని మొదట అందరూ అన్నారు. తర్వాత జరిగిన విచారణలో, ఆ ఉద్యోగి డ్రిల్‌ను నిజమనుకున్నారని తేలింది. అంటే రీజన్ చెప్పిన రెండో రకం తప్పు. అయినా డిజైన్ వంతు అలాగే ఉంది: ఉత్తుత్తి పరీక్షకూ నిజం హెచ్చరికకూ సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్న ఒక్కటే. రెండో మనిషి ఒప్పుకోకుండానే పంపే వీలుంది. "అది తప్పు, కంగారు పడొద్దు" అని పంపడానికి సందేశం ముందే తయారుగా లేదు. సవరణ ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది. మీ దగ్గర ట్రైనింగ్ కోసం డమ్మీ డేటాబేస్ ఉండే ఉంటుంది. దాని స్క్రీనూ అసలు స్క్రీనూ ఒకేలా ఉన్నాయా? ఉంటే ఇవాళే మార్చండి. మూలన చిన్న అక్షరాల్లో "టెస్ట్" అని రాస్తే సరిపోదు, నేపథ్యమంతా తేడాగా ఉండాలి.

రెండో పెద్ద విషయం, సిస్టమ్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో మనిషికి నిజంగా కనబడుతోందా అన్నది. 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒత్తిడి తగ్గించే రిలీఫ్ వాల్వ్ ఒకటి తెరుచుకుని మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లో దాని లైటు మాత్రం ఆరిపోయింది. ఆపరేటర్లు వాల్వ్ మూసుకుందనుకున్నారు. ఆ లైటు చెప్పేది వాల్వ్ స్థితిని కాదు, మూసుకోమని ఆదేశం వెళ్ళిందన్న సంగతిని. రెండు గంటలకు పైగా నీరు బయటికి పోతూనే ఉంది, రియాక్టర్ కోర్‌లో చాలా భాగం కరిగింది.

మీ ప్రోగ్రామర్‌ను పిలిచి ఒక్కటి అడగండి: మన స్క్రీన్ మీద "సేవ్ అయింది" అని ఎప్పుడు వస్తుంది? సర్వర్‌కు పంపగానేనా, సర్వర్ రాసుకున్నానని తిరిగి చెప్పాకా? మొదటిదైతే మీ దగ్గర ఉన్నది ఆ లైటే. నెట్‌వర్క్ నెమ్మదించిన రోజున "సేవ్ అయింది, కానీ లేదు" అన్న గొడవలు అక్కడినుంచే వస్తాయి.

ఇందులోనే ఇంకో ఉచ్చు, ఒకే అంకె రెండు అర్థాలివ్వడం. 1992 జనవరి 20 రాత్రి ఎయిర్ ఇంటర్ విమానం, ఎయిర్‌బస్ ఎ-320, స్ట్రాస్‌బర్గ్‌లో దిగబోతూ కొండను ఢీకొంది. ఉన్న 96 మందిలో 87 మంది చనిపోయారు. దర్యాప్తులో గట్టిగా ముందుకొచ్చిన వివరణ ఇది: పైలట్లు 3.3 డిగ్రీల కోణంలో దిగాలనుకుని అంకె తిప్పారు, కానీ ఆ పరికరం అప్పుడు దిగే వేగం మోడ్‌లో ఉంది. అందులో 33 అంటే నిమిషానికి 3,300 అడుగుల దిగుడు. ఒకే కిటికీలో ఒక మోడ్‌లో "-3.3", ఇంకో మోడ్‌లో "-33". తేడా ఒక చుక్క. తర్వాత వేగం మోడ్‌లో నాలుగు అంకెలూ పూర్తిగా చూపేలా మార్చారు. మీ స్క్రీన్లలో క్వాంటిటీ ఫీల్డ్ ఒక సరుకుకు డజన్లలో, ఇంకో సరుకుకు విడిగా ఉంటే, అంకె పక్కనే యూనిట్ రాసి ఉండాలి. పైన డ్రాప్‌డౌన్‌లో ఉంది కదా అనొద్దు. టైప్ చేసేవాడి కన్ను ఆ క్షణంలో అంకె మీద ఉంటుంది, స్పష్టంగా కనబడేది ఆ చుట్టూ కొద్ది మేర మాత్రమే.

ఇప్పుడు మీరు అడిగిన ఏడు సంగతి. జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసం నుంచి వచ్చిన అంకె అది, ఏడు, అటూ ఇటూ రెండు. విని వెంటనే తిరిగి చెప్పగలిగే అంకెలు, మాటల లాంటివి ఎన్ని అన్నది అందులో ఒక భాగం. నెల్సన్ కోవాన్ 2001లో ఆ పరిశోధనలన్నీ మళ్ళీ పరిశీలించి, నిజమైన పరిమితి నాలుగు దగ్గర ఉంటుందన్నారు. ఏదైనా సరే, మెనూకూ దానికీ సంబంధం లేదు. మెనూ కళ్ళ ముందే ఉంటుంది, గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చూసి గుర్తుపడితే చాలు. వరస అర్థవంతంగా ఉంటే ఇరవై ఉన్నా ఇబ్బంది లేదు. ఏడుకు కుదించాలని మూడు పొరల లోపల దాచిపెడితేనే ఇబ్బంది.

జ్ఞాపకం పరిమితి దెబ్బ కొట్టేది వేరే చోట. ఒక స్క్రీన్‌లో చూసిన బిల్లు నంబరును ఇంకో స్క్రీన్‌లో టైప్ చేయమన్నారనుకోండి, ఆ రెండింటి మధ్య ఆ నంబరు మనిషి తలలో మోయాలి. దారిలో ఎవరో పిలిస్తే జారిపోతుంది. మీ ఉద్యోగుల మానిటర్ల పక్కన అంటించిన చీటీలు ఒకసారి వెళ్ళి చదవండి. అక్కడ రాసి ఉన్న ప్రతి కోడూ, ప్రతి "ముందు ఇది నొక్కి తర్వాత అది" అన్న మాటా, మీ సాఫ్ట్‌వేర్ తాను చేయాల్సిన పనిని వాళ్ళకు అంటగట్టిందని చెప్తున్నట్టే. నా లెక్కలో ఏ కన్సల్టెంట్ రిపోర్టూ ఆ చీటీల ముందు నిలవదు.

చెయ్యి, కన్ను, సమయం గురించి త్వరగా చెప్పేస్తాను, ఇవి పుస్తకాల్లో బాగానే దొరుకుతాయి. ఫిట్స్ 1954లో చెప్పిన నియమం ప్రకారం గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే, చేరడానికి అంత సమయం. దాన్ని తిరగేసి కూడా వాడొచ్చు: "డిలీట్"ను "సేవ్" పక్కన పెట్టకండి. టచ్‌స్క్రీన్ అయితే తాకే చోటు 9 మిల్లీమీటర్ల కంటే తగ్గొద్దు. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. పాతికేళ్ళ డిజైనర్ తన ఖరీదైన మానిటర్ మీద చూసి మెచ్చుకునే లేత బూడిద రంగు అక్షరాలు యాభై ఏళ్ళ అకౌంటెంట్‌కు కనబడవు. యూరప్ మూలాలున్న మగవాళ్ళలో సుమారు 8 శాతానికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియదు, మిగతా చోట్ల కొంత తక్కువ. కాబట్టి రంగు వాడండి, కానీ రంగు ఒక్కదాని మీదే అర్థం మోపకండి, పక్కన మాటో గుర్తో ఉంచండి.

మీది రోజంతా టైప్ చేసే పని కనుక ఒక లెక్క మాత్రం చెప్పి తీరాలి. స్టువర్ట్ కార్డ్, థామస్ మోరన్, అలన్ న్యూవెల్ 1980లో ఇచ్చిన అంచనాల ప్రకారం అలవాటున్న మనిషి ఒక కీ నొక్కడానికి సుమారు 0.2 సెకన్లు, చెయ్యి కీబోర్డు నుంచి మౌస్‌కు పోవడానికి 0.4, మౌస్‌తో గురి పెట్టడానికి 1.1, తర్వాత ఏం చేయాలో మనసులో కూడదీసుకోవడానికి 1.35 పడుతుంది. అంటే ఫారం మధ్యలో ఒక్కసారి మౌస్ పట్టించి మళ్ళీ కీబోర్డుకు రప్పిస్తే దాదాపు రెండు సెకన్లు. ఒక్కో బిల్లుకు అలా ఐదుసార్లు, రోజుకు మూడు వందల బిల్లులు అనుకుంటే యాభై నిమిషాలు. సమయం సంగతి పక్కన పెట్టినా, చూపు కాగితం నుంచి స్క్రీన్‌కు, స్క్రీన్ నుంచి మౌస్‌కు తిరిగిన ప్రతిసారీ వరస తప్పే అవకాశం ఉంది. ట్యాబ్ కీ నొక్కుతూ పోతే ఫీల్డులు కాగితం బిల్లులో ఉన్న వరసలోనే రావాలి. పేజీ నిండా ఖాళీ వదిలి నాజూకుగా చేయడం రోజుకు ఒకసారి చూసే స్క్రీన్‌కు బాగుంటుంది. రోజంతా వాడే స్క్రీన్ కిక్కిరిసి ఉన్నా పర్లేదు, అన్నీ ఒకేచోట, ఎప్పుడూ అదే స్థానంలో ఉంటే చాలు.

రెండుసార్లు ఎక్కే బిల్లుల కారణం బహుశా ఆలస్యం. 0.1 సెకనులో స్పందన వస్తే మనిషికి తన చేతితోనే జరిగినట్టు అనిపిస్తుంది, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే దృష్టి వేరే పనికి పోతుంది. నొక్కిన బటన్ ఏ కదలికా చూపకపోతే ఎవరైనా మళ్ళీ నొక్కుతారు. నొక్కగానే బటన్ రూపం మారాలి. దాంతో పాటు, ఒకే బిల్లు రెండుసార్లు వచ్చినా సర్వర్ ఒకటిగానే లెక్కపెట్టాలి. ఈ రెండోది ప్రోగ్రామర్ పని, మనిషికి అప్పజెప్పేది కాదు.

"మేం ఇంకొకరితో చెక్ చేయిస్తాం" అని మీ పైవాళ్ళు అనొచ్చు. 2020 ఆగస్టు 11న సిటీబ్యాంక్‌లో ఒక చెల్లింపును ముగ్గురు చూశారు. రెవ్‌లాన్ కంపెనీకి అప్పిచ్చినవాళ్ళకు సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాలి. బదులుగా దాదాపు 90 కోట్ల డాలర్లు వెళ్ళిపోయాయి, అదీ బ్యాంకు సొంత సొమ్ము. అప్పు తాలూకు అసలు సొమ్ము (ప్రిన్సిపల్) బయటికి పోకుండా లోపలి ఖాతాకు మళ్ళించాలంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో మూడు పెట్టెలు నింపాలి: "ప్రిన్సిపల్", "ఫ్రంట్", "ఫండ్". ప్రిన్సిపల్ ఒక్కటి నింపితే చాలని ముగ్గురూ అనుకున్నారు. హెచ్చరిక కూడా వచ్చింది, డబ్బు బ్యాంకు బయటికి వెళ్తుంది, కొనసాగాలా అని. వడ్డీ ఎలాగూ బయటికి వెళ్ళాల్సిందే కదా, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఎంత వెళ్తుందో ఆ హెచ్చరికలో లేదు. కొంత సొమ్ము వెంటనే తిరిగొచ్చింది, మిగతా సుమారు 50 కోట్ల డాలర్ల కోసం 2022 దాకా కోర్టుల్లో నడిచింది.

ముగ్గురు ఒకే స్క్రీన్ చూసి, ఒకే రకంగా పొరబడితే అది మూడు తనిఖీలు కాదు. పైగా మొదటివాడు "తర్వాత ఇద్దరున్నారు" అనుకుంటాడు, చివరివాడు "ముందు ఇద్దరు చూశారు" అనుకుంటాడు. రెండో మనిషిని పెడితే అతనికి నింపిన ఫారం చూపించకండి, ఫలితం చూపించండి: ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు ఎంత.

ఆటోమేటిక్‌గా నింపేసి మనిషిని ఊరికే చూస్తూ ఉండమనడం కూడా ఇలాంటిదే. అరుదుగా వచ్చే తేడాను కనిపెడుతూ కూర్చోవడం మనిషికి చేతకాని పని. నార్మన్ మాక్‌వర్త్ 1948లో గడియారం ముల్లు పరీక్షలతో చూపింది ఇదే, మొదటి అరగంటలోనే పట్టు తగ్గిపోతుంది. తొంభై తొమ్మిది సరిగ్గా నింపి ఒకటి తప్పుగా నింపే ఫీచర్ పెడితే, ఆ ఒక్కటి ఖాయంగా దాటిపోతుందనుకునే లెక్క వేసుకోండి.

ఇక మీరు చేయాల్సిన పని. జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ 1985లో మూడే చెప్పారు: మొదటినుంచీ వాడేవాళ్ళనూ వాళ్ళ పనినీ చూడండి, నిజంగా వాడించి కొలవండి, మార్చి మళ్ళీ కొలవండి. నలభై ఏళ్ళైనా వీటికి కలపాల్సింది నాకు పెద్దగా కనబడలేదు. ఎంతమందితో చూడాలంటే ఐదుగురు అని అందరూ అంటారు. ఆ అంకె జేకబ్ నీల్సన్, థామస్ లాండయర్ 1993లో చేసిన లెక్క నుంచి వచ్చింది: ఒక్కొక్కరితో సగటున 31 శాతం లోపాలు బయటపడితే, ఐదుగురితో సుమారు 85 శాతం బయటపడతాయి. ఆ 31 శాతం అన్ని సాఫ్ట్‌వేర్లకూ వర్తించదు. బిల్లింగ్ వాళ్ళు ఐదుగురు, గోడౌన్ వాళ్ళు ఐదుగురు విడివిడిగా కావాలి. ఐదుగురితో లోపాలు దొరుకుతాయి కానీ తప్పుల శాతం కొలవలేరు, దానికి మీ సాఫ్ట్‌వేర్ నమోదు చేసుకునే లాగ్‌లే గతి.

కూర్చుని చూసేటప్పుడు నోరు మెదపకండి. ఇది వినడానికి తేలిక, చేయడం మహా కష్టం. తాను కట్టిన స్క్రీన్ ముందు ఎవరైనా తడబడుతుంటే "అదిగో, పైన ఉంది చూడండి" అనకుండా ఉండలేరు. అందుకే ప్రోగ్రామర్‌ను వెనకాల కూర్చోబెట్టండి, మాట్లాడే పని వేరేవాళ్ళకివ్వండి. వీలైతే సమావేశం గదిలో కాకుండా వాళ్ళ సీటు దగ్గరే, ఫోన్లు మోగుతుండగా చూడండి. "బాగుందా?" అని అడగొద్దు. మర్యాదకు బాగుందనే అంటారు. వాడటం ఎంత తేలికో పది ప్రశ్నలతో కొలిచే ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) స్కోరు అడిగితే వందకు ఇంత అని వస్తుంది, సగటు 68 దగ్గర ఉంటుంది. అది జ్వరం ఎంతుందో చెప్పే థర్మామీటర్ లాంటిది, రోగమేమిటో చెప్పదు.

దీనికి ముందు రెండు వారాలు తప్పుల రిజిస్టర్ నడపండి. అందులో "బాధ్యుడు" అన్న కాలమ్ పెట్టారంటే తప్పులు తగ్గినట్టు కనబడతాయి, నిజానికి దాచేస్తారు. అమెరికాలో విమానయాన రంగం 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లు రహస్యంగా చెప్పుకునే ఏర్పాటు నడుపుతోంది. దాన్ని నిర్వహించేది జరిమానా వేసే సంస్థ కాదు, నాసా. అందుకే పైలట్లు రాస్తారు. మీరూ పేరు వదిలేసి నాలుగే రాయించుకోండి: ఏ స్క్రీన్, ఏం చేయాలనుకున్నారు, ఏం జరిగింది, అప్పుడు స్క్రీన్ మీద ఏం కనబడుతోంది. ఎవరు చేశారో కాకుండా కొత్తవారా పాతవారా అన్నది మాత్రం టిక్ పెట్టించండి.

రెండు వారాల తర్వాత ఆ జాబితాలో ముందు వెనక్కి తీసుకోలేనివి తీయండి, ఒక్కసారే జరిగినా సరే. ఆ తర్వాతే ఎక్కువసార్లు జరిగేవి. మామూలుగా టీములు దీన్ని తిరగేసి చేస్తాయి, ఎక్కువసార్లు వచ్చే చిన్న చిరాకులు ముందు సరిచేసి, డబ్బు బయటికి పోయే స్క్రీన్‌ను వచ్చే విడుదలకు వాయిదా వేస్తాయి. మీ విషయంలో నేనైతే క్వాంటిటీ, ధర ఫీల్డుల దగ్గర మొదలుపెడతాను: స్టాక్‌లో లేనంత క్వాంటిటీని, పాత ధరకు పొంతన లేని ధరను సిస్టమే ఆపేలా. తర్వాత చెల్లింపుల మీద పది నిమిషాల ఆలస్యం, ఆ లోపల రద్దు చేసుకునే వీలు. అవి అమలైన రోజునే "ఖచ్చితంగా కొనసాగాలా?" పెట్టెలన్నీ తీసేయండి.